మోతి చెవిలో చెప్పిన మాట

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక ఆదివారం జరిగినదాన్ని మా వీధిలో ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. పక్కింటి జీపు మామ మా కుక్కకు మందు పెట్టాడట. అది చచ్చేలా ఉందని చూసి భయపడి, తన జీపులోనే ఆసుపత్రికి తీసుకుపోయాడట. ఈ కథను నేను పెళ్లి పందిళ్లలో విన్నాను, బస్సు కోసం నిలబడినచోట విన్నాను, మా నాయన నోట లెక్కలేనన్నిసార్లు విన్నాను. నేను ఒక్కసారి కూడా కాదనలేదు. నాకిప్పుడు యాభై రెండేళ్లు. ఆ కథలో జీపు మాట నిజం. మందు మాత్రం ఆయన పని కాదు, నాది.

మాది నంద్యాలకూ ఆళ్లగడ్డకూ నడుమ, రోడ్డు పక్కనే ఉన్న పల్లె. చుట్టూ పత్తి చేలు. పత్తికి మందు కొట్టే కాలం వచ్చిందంటే ఊరంతా ఒకటే వాసన. మా నాయన చొక్కాకు అదే, ఎడ్లబండికి అదే, మేం పడుకునే నులక మంచానికీ అదే. కొన్నాళ్లకు ముక్కు అలవాటు పడిపోయి, ఆ వాసన ఉన్నట్టే తెలిసేది కాదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు నన్ను కాపాడింది ఆ అలవాటే. కాపాడింది అనవచ్చునో లేదో నాకు తెలియదు.

మోతి మా కుక్క. ఒళ్లంతా తెలుపు, ఎడమ చెవి ఒక్కటి గోధుమ రంగు. నంద్యాల జీపుల స్టాండులో తన జీపు కింద దొరికిన కుక్కపిల్లను మామే తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. ఆయన మాకు చుట్టం కాదు. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మనుషుల్ని తిప్పే జీపు ఒకటి ఉండేది కాబట్టి ఊళ్లో పిల్లలందరికీ జీపు మామ. ఇంట్లో కోళ్లు పెంచేవాడు. ఆ ఆదివారానికి నాలుగు రోజుల ముందు మోతి ఆయన కోడిపెట్టను ఒకదాన్ని పట్టుకుంది. మామ రోడ్డు మీదికి వచ్చి, నలుగురూ వింటుండగా, "ఇంగోసారి నా కోళ్ల జోలికొస్తే మందు పెట్టి సంపుతా దీన్ని" అన్నాడు. అంటూనే చేతిలో ఉన్న బన్ను ముక్కను దాని ముందు పడేశాడు. ఆయన అన్న మాట వీధికంతా గుర్తుండిపోయింది. బన్ను ముక్క నాకొక్కడికే గుర్తుంది.

ఆ రోజుల్లో మోతికి పిడుదులు పట్టాయి. చెవుల లోపల, కాలివేళ్ల మధ్య, అనపగింజల్లా ఉబ్బి కనిపించేవి. మా నాయన వాళ్ల నాయన, మా జేజినాయన, ఎడ్లకు పిడుదులు పడితే బకెట్టు నీళ్లలో కొంచెం పత్తిమందు కలిపి గుడ్డతో తుడవడం నేను చూశాను. ఊళ్లో చాలామంది అదే చేసేవారు. ఆదివారం పొద్దున నాయన చేనికి పోయాడు, అమ్మ బాయి దగ్గర ఉంది. కొట్టంలో వాసం సందున ఉన్న పత్తిమందు సీసాను దించాను. దాన్ని ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానని నాయన చెప్పి ఉన్నాడు. ఎక్కువ పోస్తే పిడుదులు తొందరగా చస్తాయి కదా అనుకున్నాను. అర చెంబు నీళ్లలో మూడు మూతలు పోశాను. చెవుల నుంచి తోక దాకా గుడ్డతో రుద్దాను. మోతి కదలకుండా నిలబడింది. నేనేం చేసినా నిలబడేది.

నా చేతులు మండినప్పుడు గానీ భయం వేయలేదు. కడుక్కున్నాను. నాయన వాసన పట్టేస్తాడని అమ్మ పౌడరు డబ్బా తెచ్చి సగం దాని మీద గుమ్మరించాను. తడి ఒంటికి పౌడరు అట్టకట్టింది. తెల్ల కుక్క కాబట్టి కనిపించలేదు. గుడ్డను గడ్డివాములో దూర్చాను.

మధ్యాహ్నానికి మోతి నోటి నుంచి సొంగ తీగలా కారడం మొదలైంది. కళ్ల వెంట నీళ్లు. తొడల మీద చర్మం దానంతటదే అదురుతోంది. నాలుగడుగులు వేసి, మామ ఇంటి గోడ దగ్గర, అది రోజూ పడుకునే నీడలోనే కూలబడింది. చేని నుంచి వచ్చిన నాయన చూసింది అది. మామ గోడ, దాని పక్కన నురగ కక్కుతున్న కుక్క. ఆయనకు ఇంకేమీ అక్కర్లేకపోయింది.

నాయన అరుపులకు వీధంతా పోగైంది. "నోరు లేనిదానికి పెడ్తావా మందు? నాతో చెప్పింటే నేనే కట్టేస్తాంటి గదా దాన్ని" అన్నాడు. మామ అన్నం తింటూ లేచి వచ్చాడు, ఎంగిలి చేయి అలాగే ఉంది. నాయన మొహం చూశాడు, కుక్కను చూశాడు. తాను పెట్టలేదని అంటాడని నేను ఎదురుచూశాను. ఆయన లోపలికి పోయి, చేయి కడుక్కుని, జీపు తాళం తెచ్చాడు.

"అబ్బీ, దాన్నెత్తుకోని రా" అన్నాడు నాతో.

నాయన ఆ జీపు ఎక్కనన్నాడు. మా జేజినాయన మాత్రం తలగుడ్డ చుట్టుకుంటూ, "కొట్లాట యాడికీ పోదు. కుక్క పోతాది. జరుగు" అని నాయనను పక్కకు నెట్టి నాతోపాటు వెనక సీట్లో కూర్చున్నాడు.

ఆ తర్వాత మూడు గంటలు నాకు వరుసగా గుర్తులేవు. ఎవరు చెప్పేది వినాలో తెలియని గందరగోళమే గుర్తుంది. దగ్గర కదా అని ముందు ఆళ్లగడ్డ పోయాం. పశువుల ఆసుపత్రికి తాళం. వరండాలో ఎవరిదో మేక నిద్రపోతోంది. డాక్టరు సెలవులో ఉన్నాడని ఒకరు, గొర్రెలకు సూదులు వేయడానికి పల్లెలకు పోయాడని ఒకరు, అసలు ఆయన కాపురమే నంద్యాల అని ఒకరు చెప్పారు. జీపు చుట్టూ జనం చేరారు. చింతపండు రసం పోయమన్నారు. మజ్జిగ పోయమన్నారు. మజ్జిగ పోస్తే చస్తుందన్నారు. ఎవరో ఉప్పునీళ్లు తెచ్చి మోతి నోరు తెరిచి పోశారు. అది పొర్లి పొర్లి కక్కింది. జిగురు తప్ప ఏమీ రాలేదు. "పెట్టింది కడుపులో కరిగిపాయ" అని ఒకాయన తేల్చేశాడు. మనుషుల మందుల అంగడి ఒకటి తెరిచి ఉంటే మామ పరుగెత్తాడు. పశువుల సూదులు తన దగ్గర ఉండవని అంగడాయన చేతులు తిప్పాడట.

ఎవరైనా కుక్కకు ఏమైందని అడిగినప్పుడల్లా జేజినాయన గొంతు తగ్గించి, పక్కింట్లో మందు పెట్టారంటాండారు అని చెప్పేవాడు. ఆ పక్కింటాయన స్టీరింగు పట్టుకుని అక్కడే ఉండేవాడు. ఆయన ఎందుకు కాదనడం లేదో నాకు అర్థం కాలేదు. నాలుగోసారో ఐదోసారో విన్నప్పుడు, నిజంగా ఆయనే పెట్టాడేమో, నేను రాసినదానికీ దీనికీ సంబంధం లేదేమో అనిపించింది. ఆ ఆలోచన నాకెంత హాయిగా అనిపించిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

నంద్యాలలో పశువులకు సూది వేసే కాంపౌండరు ఉన్నాడని టీ అంగడి మనిషి చెబితే జీపు తిప్పారు. నంద్యాల పోవాలంటే మళ్లీ మా ఊరి మీదుగానే పోవాలి. నాయన రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. జీపు ఆగలేదు. మోతి తల నా తొడ మీద ఉంది. దాని ఊపిరి గురకలా వస్తోంది, రెండు గురకల మధ్య ఎడం పెరుగుతోంది.

నంద్యాల ఆసుపత్రికీ తాళమే. ఎదురుగా సైకిల్ అంగడి ముసలాయన, కాంపౌండరు చర్చిలో ఉంటాడనీ, ఇయ్యాల వాళ్లకు కోతపండగ అనీ చెప్పాడు. అదేమిటో నాకు తెలియదు. చర్చి ఆవరణలోకి మోతిని ఎత్తుకుని పోయేసరికి సంతలో అడుగు పెట్టినట్టయింది. గుమ్మడికాయలు, జొన్న కంకులు, అరటిగెలలు, కాళ్లు కట్టిన కోళ్లు. ఎవరి పంటలోంచి వాళ్లు దేవునికి తెచ్చినవట. ప్రార్థన అయ్యాక వాటిని అక్కడే వేలం వేస్తున్నారు. బల్ల మీద నిలబడి, చంకలో ఒక కోడిపుంజును పెట్టుకుని, పాట పాడిస్తున్నాయనే కాంపౌండరు. జనం మాకు దారి ఇచ్చారు. నేను కుక్కతో నేరుగా బల్ల ముందుకు వచ్చాను.

"కుక్కను గూడా తెచ్చినారా కానుకకు?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నా వెనక నుంచి ఇంకొకాయన కుక్క మీద వేలంపాట కూడా మొదలుపెట్టాడు. వాళ్లు ఎందుకు నవ్వుతున్నారో తెలియక నేను ఏడ్చేశాను.

కాంపౌండరు నవ్వలేదు. బల్ల మీద నుంచే మోతి కళ్లలోకి వంగి చూశాడు. కంటిపాప ఆవగింజంత అయిపోయి ఉంది. పుంజును పక్కనున్నాయన చేతుల్లో పెట్టి, తెల్ల చొక్కా చేతులు మడుస్తూ దిగాడు. ఆసుపత్రి తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంది.

సూది పడ్డాక మోతి ఊపిరి కొంచెం తేలికైంది. తల ఎత్తబోయింది. జేజినాయన దేవుడికి దండం పెట్టాడు. అంతలోనే మళ్లీ సొంగ, మళ్లీ అదురు. కాంపౌండరుకు అంతు పట్టలేదు. "కడుపులో ఉండేదంతా కక్కె గదా. ఇంగా యాణ్నించి ఎక్కుతాంది దీనికి?" అని తనలో తనే అన్నాడు. దాని వీపు నిమిరాడు. అరచేయి చూసుకున్నాడు. తెల్లగా ఉంది. వాసన చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"పౌడరేసుకోని యాడికి పోతాండె ఇది? పెండ్లికా?" అన్నాడు మెల్లగా.

నేను తల దించుకున్నాను. ఆయన జేజినాయనకు రెండు బకెట్లు ఇచ్చి, బోరింగు దగ్గరికి పంపాడు. మామ అప్పటికే బయట జీపు దగ్గర ఉన్నాడు. గదిలో నేను, ఆయన, మోతి మిగిలాం. అప్పుడు ఆయన మెడలో ఉన్న గొట్టం చెవులకు పెట్టుకుని, రెండో కొనను మోతి గుండె మీద ఆనించాడు.

"అబ్బీ, కుక్కకు నోరు లేదు గదా. నీకు తెలిసింది దాని చెవిలో చెప్పు. అది నాకు దీంట్లో చెప్తాది."

"గట్టిగా చెప్పల్లనా?"

"వద్దు. గట్టిగా చెప్తే బోరింగు కాడికి ఇనపడ్తాది. మెల్లగా చెప్పు."

నేను మోతి గోధుమ రంగు చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. కొట్టం, సీసా, గుడ్డ, పౌడరు, అన్నీ. ఆయన కళ్లు మూసుకుని వింటున్నాడు. నా వైపు చూడనేలేదు. నేను ఆపాక, "మూతలెన్నో ఇది సరిగ్గా చెప్పల్యా. ఇంగోసారి అడుగు" అన్నాడు. మూడు అని మళ్లీ దాని చెవిలోనే చెప్పాను. ఆయన లేచి, బకెట్లతో వస్తున్న జేజినాయనతో, దీని బొచ్చుకు మందు అంటి ఉంది, లోపలికి పోయింది తక్కువ, బయటనుంచి ఎక్కుతున్నదే ఎక్కువ, బాగా కడగాలి అన్నాడు. ఎట్లా అంటిందని జేజినాయన అడిగితే, పత్తి చేలల్లో తిరిగే కుక్కకు ఎట్లయినా అంటుతుందన్నాడు.

బట్టల సబ్బు పెట్టి మూడుసార్లు కడిగాం. పౌడరు, మందు కలిసి తెల్లటి నీళ్లు కాలువ కట్టాయి. ఇంకో సూది పడింది. ఎండ వాలేసరికి మోతి ముందు కాళ్ల మీద లేచి కూర్చుని, కాంపౌండరు చేయి నాకింది. ఎడ్లకైనా సరే ఆ మందు రాయొద్దని జేజినాయనకు ఆయన గట్టిగా చెప్పాడు. నన్ను గేటు దగ్గర ఆపి, "కుక్కకు చెప్పినావు, అది బతికె. ఆ జీపాయనకు గూడా నువ్వే చెప్పల్ల. నేను చెప్పేది గాదు అది" అన్నాడు. చెబుతానని తల ఊపాను. ఆయన మళ్లీ వేలానికి పోయాడు.

గొట్టంలో కుక్క చెప్పిందనే నేను ఆ రోజు నమ్మాను. నేను చెప్పింది ఆయనకు మామూలుగానే వినపడిందని, అసలు అరచేయి వాసన చూసినప్పుడే తెలిసిపోయిందని, కావాల్సింది ఏ సీసానో, ఎన్ని మూతలో మాత్రమేనని చాలా ఏళ్ల తర్వాత తోచింది. అయినా ఆయన నన్ను ఎందుకు అడగలేదో, కుక్కను ఎందుకు అడిగించాడో అర్థం కావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అడిగి ఉంటే నేను అబద్ధం చెప్పేవాణ్ని. ఆ అబద్ధంతో మోతి చచ్చిపోయేది.

తిరుగుదారిలో జేజినాయన వెనక సీట్లో మోతిని ఒళ్లో పెట్టుకుని నిద్రపోయాడు. నేను ముందు, మామ పక్కన కూర్చున్నాను. చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఇంజను చప్పుడులో వెనకవాళ్లకు వినపడదు కూడా. నేను ఆయన వైపు తిరిగి నోరు తెరిచాను. ఆయన రోడ్డు మీది చూపు తిప్పకుండానే, నాకు అందేలా తల వంచి, చెవి నా వైపు పెట్టాడు.

"ఏందబ్బీ?"

"ఏం ల్యా మామా."

ఆయన తల ఇంకాసేపు అలాగే ఉంచాడు. తర్వాత నిటారుగా కూర్చున్నాడు.

ఇంటి ముందు దిగాక నాయన మోతిని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కానీ మామ వినేలానే వీధితో, "తప్పు చేసినోడు గాకపోతే అన్నం కాడ్నుంచి లేసి జీపు తీస్తాడా?" అన్నాడు. అందరికీ అది సబబుగా తోచింది. ఆయన మంచితనమే ఆయన మీద సాక్ష్యమైంది. మామ జీపును వెనక్కి తీసి, తన దొడ్లో పెట్టి, తలుపు వేసుకున్నాడు. చెప్పాల్సిన నేను అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు మా రెండిళ్ల నడుమ దారికి నాయన ముళ్లకంప వేశాడు. మామ కోళ్లను అమ్మేశాడు. ఊళ్లో ఎవరి కుక్క చచ్చినా ఆయన ఇంటి వైపు ఒక చూపు పడేది. మోతికి మాత్రం ఏ అనుమానమూ లేదు. ముళ్లకంప కింద నుంచి దూరి పోయి, ఎప్పటిలాగే ఆయన జీపు కింద నీడలో పడుకునేది. ఆ తర్వాత ఆరేళ్లు బతికింది, ఆరేళ్లూ అక్కడే పడుకుంది. జీపు తీయాలంటే మామ ముందు వంగి కిందికి చూసి, దాన్ని లేపి, అప్పుడు తీసేవాడు. నేను మా గడప మీద నుంచి చూసేవాణ్ని. రేపు చెబుదాం అనుకునేవాణ్ని. కొన్నేళ్లకు ఆయన ఇల్లు అమ్మి నంద్యాల పోయాడు. తర్వాత నాయన పోయాడు. ఇంక నన్ను కొట్టేవాడు లేడు, అయినా చెప్పలేదు.

మొన్న మామ పోయిన సంగతి ఆలస్యంగా తెలిసింది. నంద్యాలలో వాళ్ల కూతురి ఇంటికి పోయాను. మామ భార్య, మా అత్త, వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. నేను ఎవరినో చెబితే గుర్తుపట్టి కూర్చోమంది. నేను మెల్లగా మొదలుపెట్టాను. ఆమె చేయి చెవి దగ్గర పెట్టుకుని, "ఏందీ?" అంది. కొంచెం గొంతు పెంచాను. మళ్లీ ఏందీ అంది. చెవుడు వచ్చి చాలా కాలమైందనీ, చెవిలో గట్టిగా చెప్పాలనీ లోపలి నుంచి కూతురు అంది. ఆమె చెవి దగ్గర వంగాను. కుక్క చెవిలో గుసగుసగా చెప్పిన మాటను, నలభై నాలుగేళ్ల తర్వాత, ఆ వీధిలో నీళ్లు పట్టుకుంటున్నవాళ్లు, కూరగాయల బండాయన, ఎదురింటి పిల్లలు అందరూ ఆగి వినేలా అరిచి చెప్పాను. మందు పెట్టింది మామ కాదత్తా, నేనే రాసినా.

ఆమె కొంగుతో చెవి తుడుచుకుంది.

"ఆ జీపు సీటు నెల దినాలు ఎండలో పెట్టె ఆయప్ప" అంది. "పౌడరు వాసన పోల్యా. కుక్కకు పౌడరెవురు పూస్తారబ్బా అని నేనంటి. పిల్లోళ్లు పూస్తార్లే అనె. అంతే, మళ్లా ఆ ఊసెత్తల్యా."

తర్వాత నాకు తినడానికి ఏమైనా పెట్టమని కూతురికి చెప్పింది.

ఆయనకు తెలుసా? ఆ ఆదివారమే తెలుసా, ఎండలో సీటు పెట్టినప్పుడు తెలిసిందా? తెలిసి వీధి మాట ఎందుకు మోశాడు? నాయన చేతి దెబ్బల నుంచి నన్ను దాచాడా, లేక నా అంతట నేను వస్తానని చూసి చూసి విసుగొచ్చి ఊరుకున్నాడా? ఆమెను అడగలేకపోయాను. అడిగినా అంత ప్రశ్న ఆ చెవిలో అరవడం నాకు చేతకాదు.

నేనిప్పుడు ఆళ్లగడ్డలో ఎరువులు, పురుగుమందుల అంగడి నడుపుతున్నాను. పత్తిమందు కొన్న ప్రతివాణ్నీ, ఇంట్లో కుక్క ఉందా, పిల్లలున్నారా అని అడుగుతాను. నవ్వుతారు. ఏ పిల్లవాడైనా అంగడి ముందు నిలబడి ఏదో చెప్పబోయి ఆగితే, చేతిలో పని ఆపకుండానే తల వంచి చెవి అటు పెడతాను. వాడు ఏం లేదన్నా, వెంటనే తల ఎత్తను. ఇంకాసేపు అలాగే ఉంచుతాను.